పైన అత్త మాట, కింద బావ రాత

మొన్న పొద్దున ఫోను మోగితే బ్యాంకువాళ్ళో బీమావాళ్ళో అయి ఉంటారని విసుక్కుంటూనే ఎత్తాను. అవతల ఎవరో కుర్రవాడు. ఫోనుల్లో చూసుకునే చానెలు ఒకటి నడుపుతున్నాడట, మన యాస మీద ఒక కార్యక్రమం చేస్తున్నాడట. వరంగల్లులో అందరికంటే ముందు మన మాటలో వార్తలు చెప్పింది మీ మేనత్తేనని విన్నానండీ, ఆమె మాట్లాడిన క్యాసెట్టు ఒక్కటైనా ఉంటే ఇస్తారా అని అడిగాడు. చూస్తానని ఫోను పెట్టేశానే గాని ఆ తర్వాత ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. అటక ఎక్కాను, దిగాను, టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను, ఏం పోగొట్టుకున్నారని మా ఆవిడ అడిగితే ఏమీ లేదని కసురుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాది కుదురులేని ఒళ్ళు. అరవై దాటాకైనా కాస్త నెమ్మదిస్తుందనుకున్నాను, నెమ్మదించలేదు.

మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మేడ మీంచి మేడ మీదికి, చెట్టు మీంచి కరెంటు స్తంభం మీదికి నల్లటి కేబుల్ తీగలు వేలాడుతూ ఉండేవి, గాలివాన వస్తే తెగేవి, తెగితే ఇంటిల్లిపాదీ కేబులువాణ్ణి తిట్టుకునేవాళ్ళు. హన్మకొండలో మా వాడకట్టు తిట్లన్నీ మా బావకే చెందేవి. బావ అంటే మా అక్క భర్త. చౌరస్తా దగ్గర ఫ్యాన్లు, రేడియోలు అమ్మే దుకాణం ఆయనది. దుకాణం మీది గదిలో వీడియో ప్లేయరు పెట్టి, సాయంత్రాలు సినిమాలు వేసి, ఉన్నట్టుండి ఒకనాడు మనమే వార్తలు చదువుదామన్నాడు. డిగ్రీ అయిపోయి, ఏ కొలువులోనూ నెల తిరక్కుండానే బయటికొస్తున్న నన్ను పిలిచి కెమెరా చేతిలో పెట్టాడు. పొద్దున స్కూటరు మీద ఊరు తిరగడం, మధ్యాహ్నం ఆ గదిలో వార్తలు రికార్డు చేయడం, సాయంత్రం ఆ క్యాసెట్టు వేయడం, ఇదీ నా పని. నా అంత స్థిమితం లేనివాడికి అంతకంటే మంచి పని దొరకదు.

గోడకు మా అక్క బీరువాలోంచి తీసిన నీలం దుప్పటి కట్టాం. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు కూడా రికార్డయ్యేది కాబట్టి చదివేటప్పుడు ఫ్యాను ఆపేసేవాళ్ళం, ఎండాకాలంలో చదివే మనిషి చెమటలు కక్కుతూ చదవాల్సిందే. మొదట్లో కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మాస్టారు వచ్చి పత్రికల భాషలో చదివేవారు. ఆ రోజుల్లో టీవీ తెలుగంటే అదే. మన ఇళ్ళల్లో మాట్లాడుకునే మాట తెర మీద వినబడిందంటే అది నవ్వించడానికో, రౌడీని చూపించడానికో అయి ఉండేది, మనమూ నవ్వి ఊరుకునేవాళ్ళం, ఇప్పుడు తలచుకుంటే ఎలా నవ్వామా అనిపిస్తుంది.

ఒకరోజు మాస్టారికి జ్వరం వచ్చింది. బావ గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. అదే సమయానికి మా మేనత్త అక్కను చూడ్డానికి వచ్చింది. ఆమెకు వరంగల్ బజారులో గాజుల దుకాణం ఉండేది, మామయ్య పోయాక ఒక్కతే నడుపుకునేది. గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళు చెయ్యి ఆమె చేతిలో పెట్టి కూర్చుంటే, ఆ గాజులు మణికట్టు దాటేలోపు ఇంటి సంగతులన్నీ చెప్పేసేవాళ్ళు. నర్సంపేట మార్కెట్లో పత్తి కొంటున్నదీ లేనిదీ, పాలకుర్తి గుట్ట మీది గుడిలో జనం ఎంత ఉన్నదీ, ఏ ఊరి బస్సు ఎందుకు రావడం లేదో అన్నీ ఆమె దగ్గరికే ముందు చేరేవి. అత్తను కూర్చోబెడదాం బావా అన్నాను. ఆయన నవ్వాడు. వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

అత్త నీలం దుప్పటి ముందు కూర్చుంది, కెమెరాను ఒకసారి ఎగాదిగా చూసింది, ఎవరో కొత్త బేరం వచ్చి చెయ్యి చాపినట్టు కొంచెం ముందుకు వంగింది. "తిన్నరా అందరు?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. నేను కెమెరా వెనకాల కంగారు పడి చేతులు ఊపుతున్నాను, ఆమె కదల్లేదు, జవాబు రావాలి గదా అన్నట్టు కూర్చుంది, ఆ తర్వాత తీరిగ్గా సంగతులు మొదలుపెట్టింది. మధ్యలో వచ్చిన ఆ ఖాళీని కత్తిరించడానికి మా దగ్గర మిషను లేదు, అందుకని అలాగే వేసేశాం. ఆ సాయంత్రం మా వీధిలో నడిచి వస్తుంటే ఒక ఇంట్లోంచి ముసలాయన గొంతు, ఇంకొక ఇంట్లోంచి పిల్లల గొంతులు, తిన్నం, ఇంకా తినలే అని టీవీకి జవాబు చెప్పడం నా చెవులారా విన్నాను. తర్వాత మాస్టారు జ్వరం తగ్గి వచ్చినా జనం అత్తనే అడిగారు.

రెండేళ్ళో మూడేళ్ళో, ఆ కాలమంతా మా చానెలంటే అత్తే. ఆమె ఎవరి చావు వార్తయినా చెప్పి ఒక్క క్షణం తల దించుకునేది, బర్రె తప్పిపోయిందని చెబితే దాని కొమ్ము ఎటు వంగి ఉందో కూడా చెప్పేది. బావకు మాత్రం లోపల ఎక్కడో నామోషీ ఉండేది. బయటి ఊళ్ళ నుంచి వచ్చి కొత్త కాలనీల్లో ఉంటున్న ఉద్యోగులు ఇదేం భాష అని అంటున్నారని వాపోయేవాడు. టీవీ అన్నంక టీవీ లెక్క ఉండాలె అన్నది ఆయన ఊతపదం. అత్తను మార్చే ధైర్యం చాలక, తెర కింద అక్షరాలు పాకించే పెట్టె ఒకటి తెప్పించి, ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతిని తన చేత్తో గ్రాంథికంలోకి మార్చి వేయించేవాడు. పైన అత్త మాట, కింద బావ రాత. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుంటారని ఆయన ఉద్దేశం.

ఒక ఏడాది ముసురు పట్టి వదల్లేదు. ధర్మసాగర్ చెరువు నిండింది. మనవైపు చెరువు నిండుగా నిండి, మిగులు నీళ్ళు పక్కనున్న రాతికట్టు మీది నుంచి కిందికి దూకితే మత్తడి దుంకుతోందంటాం, ఆ మాట విన్నవాడి మొహం విప్పారుతుంది, ఏడాదంతా నీళ్ళకు కొదవలేదని అర్థం. అత్త ఆ రోజు కళ్ళు మెరుస్తుండగా చెప్పింది: "ధర్మసాగరం మత్తడి దుంకుతాంది. పిల్లలను తోల్కపోయి సూపెట్టుండ్రి, మల్ల ఎన్నేండ్లకో." కింద బావ రాసింది ఏమిటంటే, ధర్మసాగర్ జలాశయం పొంగి పొర్లుచున్నది, ప్రజలు అప్రమత్తముగా ఉండవలెను అని. ఆ రెండో ముక్క చెరువు దగ్గర ఎవరూ అనలేదు, బావే కలిపాడు. వార్త అన్నాక చివర ఒక హెచ్చరిక ఉంటేనే నిండుగా ఉంటుందని ఆయన అభిప్రాయం.

ఇక చూడండి. విన్నవాళ్ళు చెరువు వైపు బయల్దేరారు, చదివినవాళ్ళు చెరువుకు దూరంగా బయల్దేరారు. కాజీపేట రోడ్డు మీద రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. ఒకవైపు పిల్లల్ని ఎత్తుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, చెరువుకు వేయడానికి పసుపూ కుంకుమా పువ్వులూ తీసుకుని నవ్వుకుంటూ పోతున్న కుటుంబాలు. రెండోవైపు నెత్తిన మూటలు, సైకిలు మీద కుట్టుమిషను, భుజాన టీవీ పెట్టుకుని గాబరాగా పరుగెత్తుకొస్తున్నవాళ్ళు. వీళ్ళకు వాళ్ళు పిచ్చివాళ్ళు, వాళ్ళకు వీళ్ళు పిచ్చివాళ్ళు. నేను కెమెరా పట్టుకుని నడుమ నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక రెండువైపులా అరిచి చెప్పాను, నా మాట ఎవరు వింటారు? ఎవరికీ ఏమీ కాలేదు, అదే అదృష్టం.

మరునాడు ఆఫీసర్లు ఎవరో బావను పిలిపించి గట్టిగా మందలించారు. అప్పటికే ఒక పెద్ద కేబుల్ కంపెనీవాళ్ళు మా తీగలన్నీ తమలో కలుపుకుంటామని, చానెలు పద్ధతిగా ఉంటే దాన్నీ ఉంచుతామని మాట్లాడుతున్నారు. బావ వణికిపోయాడు. ఒక తెర మీద రెండు భాషలు ఉండడం వల్లనే ఇంత గోల అయిందని తేల్చాడు. అంతవరకూ సరే, నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ రెండింట్లో తప్పు చేసింది కింది రాత, తీసేసింది పై మాట. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అత్తా, నువ్వే చదువు, కాకపోతే రాసింది రాసినట్టు చదువు అన్నాడు. అత్త మానేస్తుందేమోనని నేనూ అక్కా రెండు రోజులు బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. ఆ గది ఆమెకు ఎంత ఇష్టమో మాకు తెలుసు. దుకాణంలో ఒంటరిగా గడిచే రోజులో ఆ మధ్యాహ్నపు ముచ్చట కోసమే ఆమె ఎదురుచూసేది.

అత్త మానేయలేదు. పట్టుచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. తడబడుతుందని నేను అనుకున్నాను, ఎక్కడా తడబడలేదు. చిన్నప్పుడు బళ్ళో పద్యాలు అప్పజెప్పిన మనిషి, ఒత్తు పోకుండా, ఊపిరి తప్పకుండా, మాస్టారి కంటే బాగా చదివింది. బావ మురిసిపోయి ఈ క్యాసెట్టు మీద ఇంకేమీ ఎక్కించకు, కంపెనీవాళ్ళకు చూపిద్దామన్నాడు. మామూలుగా మాకు ఉన్నవే కొద్ది క్యాసెట్లు, నిన్నటి దాని మీదనే ఇవాళ్టిది ఎక్కించేవాళ్ళం.

సాయంత్రం అది తెర మీద వస్తుండగా అందరం ఆ గదిలోనే కూర్చుని చూస్తున్నాం. ఫోను మోగింది. పక్కనే ఉన్న అత్త ఎత్తింది. అవతలి ఆడమనిషి గొంతు పెద్దది, మా అందరికీ వినబడింది. కాశిబుగ్గ నుంచట. వంటింట్లో ఉండి రోజూ వింటానని చెప్పి, "తిన్నరా అని అడిగే ఆమె ఇయ్యాల రాలేదేంది? పానం గిట్ల బాగలేదా?" అని అడిగింది. తెర మీద అత్త చదువుతూనే ఉంది. ఇక్కడ అత్త ఫోను చెవికి ఆనించుకుని తెర వైపే చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఆమె ఊరికి పోయింది బిడ్డా. ఎప్పుడొస్తదో చెప్పలే," అంది.

ఆ మరునాడు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. బావ వెళ్ళి బతిమాలినా, అక్క వెళ్ళి ఏడ్చినా, గాజులు సర్దుకుంటూ నవ్వి ఊరుకుంది. కంపెనీవాళ్ళు తీగలు తీసుకున్నారు, చానెలును ఉంచనూ లేదు. నేను ఆ తర్వాత ఇంకో నాలుగు కొలువులు మారాను. అత్త పోయి కూడా చాలా ఏళ్ళయింది.

అటక మీద పాత ఫ్యాను రెక్కల కింద ఆ క్యాసెట్టే దొరికింది. అదొక్కటే. మిగతావాటి మీద ఎవరెవరి పెళ్ళిళ్ళో ఎక్కి ఉన్నాయి. పాత క్యాసెట్లను ఫోనులోకి ఎక్కించి ఇచ్చే దుకాణానికి కుర్రవాణ్ణి రమ్మన్నాను. నీలం దుప్పటి, పట్టుచీర, కళ్ళజోడు, వీక్షకులకు నమస్కారం. కుర్రవాడు కాసేపు ఓపిగ్గానే చూశాడు. ఇందులో మన యాస లేదు గదా అంకుల్, మా జనానికి ఇది ఎక్కదు అన్నాడు. తన ఫోనులో తన కార్యక్రమం చూపించాడు. అమ్మాయి ఒకతె మన మాటలే గుక్క తిప్పుకోకుండా అరుస్తోంది, నడుమ ఊపిరి పీల్చిన చోటు కూడా కత్తిరించారు. ఖాళీ వస్తే చూసేవాళ్ళు ఎల్లిపోతరు అంకుల్ అని చెప్పి, మంచివాడే పాపం, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నేనూ లేవబోయాను. ఎందుకో లేవలేకపోయాను. తెర మీద అత్త చివరి నమస్కారం పెట్టింది, అయినా బొమ్మ ఆగలేదు, ఆ రోజు కెమెరా ఆపడం నేను మరిచిపోయినట్టున్నాను. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది, కొంగుతో మొహం తుడుచుకుంది, కెమెరా పక్కకు, అంటే నా వైపు చూసింది. "అయిపాయెనా అల్లుడా? పొద్దటిసంది నిలవడే ఉన్నవ్, తిన్నవా?" అని అడిగింది. అడిగి, తన అలవాటు ప్రకారం, ఊరుకుంది. ఆ ఖాళీలోకి ఒక కుర్ర గొంతు, నాదే, ఆఁ ఆఁ, లే అత్తా, టైమైతాంది అని విసుగ్గా పలికింది. అక్కడితో క్యాసెట్టు ఆగిపోయింది.

ఇప్పుడు మన మాటకు ఏ లోటూ లేదు, ఏ ఫోను తెరిచినా అదే, ఏ సభలో చూసినా అదే, నామోషీ పడేవాళ్ళు ఎవరూ లేరు, అది చూసుకోవడానికి అత్త ఉండి ఉంటే బాగుండుననిపిస్తుంది. కాని రోజంతా ఆ తెరలను తిప్పుతూ కూర్చుంటానా, ఎవరో ఒకరు ఎలా ఉన్నరు అందరూ అని అడుగుతూనే ఉంటారు, నేను నోరు తెరిచేలోపు తర్వాతి మాటకు వెళ్ళిపోతారు. ఆ దుకాణంలో, నల్లబడిన తెర ముందు, తిన్నానత్తా అని పైకే అన్నాను. దుకాణం పిల్లవాడు నాతోనేమోనని తలెత్తి చూశాడు.