నిఘంటువుకెక్కని పొద్దు

ఆ రోజుల్లో నేను ఉత్తరం రాస్తే జవాబొస్తుందని నమ్మేవాణ్ణి. వనపర్తి పండితుడికి ఏడు రాశాను (ఆయన పేరు చెప్పను, ఆయన మాత్రం మా పేరు చెప్పారా?). ఆయన పోయాక కొడుకుగారికి నాలుగు రాశాను. ఇప్పటికీ ఒక్క కార్డు ముక్క రాలేదు. అందుకే ఇలా అచ్చులో అడుగుతున్నాను.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. గద్వాలలో మా వీధిలో అమ్మా నేనూ తెల్లవారకముందే పడుగు దారాలు పరిచి గంజి పెడుతున్నాం. నాన్నకు జ్వరం, ఒక మనిషి తక్కువ. నిఘంటువు కోసం మాటలు ఏరుకుంటూ వచ్చిన పండితుడు మా ముందు నిలబడి, సూర్యుణ్ణి పొద్దని ఎందుకంటారమ్మా అని అడిగారు. అమ్మ పడుగు కొస ఆయన చేతికిచ్చింది. "పంతులూ, జర గిది పట్టుకోండ్రి. ఎండెక్కితే గంజి బిగుస్తది, దారాలు తెగుతయి." ఆయన పట్టుకున్నారు. శాలువా కుచ్చు గంజికి అతుక్కుంది. నేను ఊడదీయబోతే ఇంకోటి అతుక్కుంది. (నేను నవ్వాను. ఆయన జవాబివ్వకపోవడానికి ఆ నవ్వే కారణమని చాలాకాలం బాధపడ్డాను.) ఇంతలో వీధి చివర ఎరుపు కనిపించింది. అమ్మ గంజి కుంచె ఆపకుండానే అటు చూపింది. "సూడుండ్రి, మొలక మన్నుల నుంచి పొడిసినట్టు పొడుస్తున్నది. పొడిసేది గనక పొద్దు."

రాయచూరు వైపు కన్నడంవాళ్ళు హొత్తు అంటారని, రెండూ ఒకే ఇంటి మాటలని ఆయన వివరించారు. అమ్మ చెప్పినదాన్ని వ్యాకరణం ఒప్పుకోకపోయినా, 'గద్వాల నేతవారి ఇల్లాలు చెప్పినది' అని పక్కన అచ్చు వేయిస్తానని మాటిచ్చారు. ఆ రోజు నుంచి నిఘంటువు వచ్చిందా అని అమ్మ అడగని వారం లేదు.

అది వచ్చేసరికి ఆమె మంచం పట్టింది. పేజీ తీశాను. ప్రొద్దు: సూర్యుడు, కాలము. కింద రెండు పాత పద్యాలు. అంతే.

"ఏందిరా, నా మాట ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా," అని లేని వాక్యాన్ని చదివాను.

"పేరు గూడ రాసిండ్రా?"

రాశారన్నాను. మా వీధిలో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్ణే కనుక నా అబద్ధానికి అడ్డు లేకపోయింది. చూడవచ్చిన ప్రతివాళ్ళ ముందూ చదివించింది, ప్రతిసారీ నేను ఇంకొంచెం పొగడ్త కలిపాను. చివరికి నా చదువులో పండితుడు ఆమెకు నమస్కారం కూడా పెట్టారు. అలా చదివించుకుంటూనే అమ్మ వారం తిరగకుండా పోయింది.

అంత గంభీరంగా లేని వాక్యాన్ని చదివిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది. కొడుకుగారూ, మీరు రెండో ముద్రణ వేస్తున్నారని విన్నాను. నాకు క్షమాపణ అక్కరలేదు (కావాలి, కానీ అడగను). మా అమ్మకు నేను చదివిన ఆ ఒక్క వాక్యం, నమస్కారం తీసేసి, ఆ పేజీలో వేయండి. వేస్తారా, వేయరా? ఈసారైనా చెప్పండి.