రెండు ముద్దల నుంచి ఒక ముద్దకు

నిన్న మా అల్లుడు కళ్లు తిరిగి వంటింటి గడపలో పడ్డాడు. నెల తిరిగేలోగా పదిహేను కిలోలు తగ్గాలని, మూడు రోజులుగా ఏదో డబ్బాలోని పొడిని నీళ్లలో కలుపుకుని తాగడం తప్ప మెతుకు ముట్టలేదట. ముఖాన నీళ్లు చల్లి లేపాక ఆయన చేసిన మొదటి పని, ఫోన్లో బిర్యానీ తెప్పించుకోవడం. ఇద్దరి తిండి ఒక్కడే తినేసి, రేపటి నుంచి మళ్లీ పొడే అన్నాడు. కొంచెం తక్కువ తిని రోజూ నడవమంటే, "అట్లయితే శానా లేటవుతాది మామా" అంటాడు. ఆ కొవ్వు ఒక్క నెలలో చేరిందా, ఒక్క నెలలో కరగడానికి! ఆయనకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, నా ఈడువాళ్లకైనా చెప్పుకుందామని ఇలా కూర్చున్నాను.

ముప్పై అయిదేళ్ల వయసులో నేను కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా ఆలూరు పోయే బస్సుకు కండక్టరుని. బస్సు ఆగిన చోటల్లా హోటలు వాళ్లు నాకూ డ్రైవరన్నకూ ఊరికే ప్లేటు పెట్టేవారు; మేం ఆపితేనే కదా వాళ్లకు బేరం. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, పదకొండింటికి దోసెలు, తిరుగు ప్రయాణంలో మళ్లీ బజ్జీలు. కరువు ఏళ్లలో పెరిగినవాడికి ఎదుట పెట్టింది వదలడం పాపమనిపిస్తుందని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చాక రెండు ముద్దల సంగటి మామూలే. డ్రైవరన్న మాత్రం ఒక దోసె తిని చెయ్యి కడుక్కునేవాడు. ఆయన్ను చూసి నవ్వేవాణ్ని.

ఒక పెళ్లిళ్ల రోజున బస్సు కిక్కిరిసి ఉంది. కోడుమూరు దాటాక తన ఊరి క్రాసులో ఆపమని ఒక ముసలమ్మ అరుస్తోంది. నేనేమో రెండు సీట్ల మధ్య, ఒక పక్క టికెట్ల సంచీ, ఒక పక్క నా పొట్ట, ముందుకూ పోలేను, వెనక్కూ రాలేను. గంట తాడు అందలేదు, నా కేక పెళ్లివాళ్ల గోలలో కలిసిపోయింది. బస్సు ఆగేసరికి క్రాసు చాలా దూరం వెనకబడింది.

"నీ కడుపు పాడుగాను, నన్ను యాడ దించుతాండావప్పా?" అంది ముసలమ్మ.

సిగ్గేసి, ఆమె జొన్నల మూట నెత్తికెత్తుకుని, క్రాసు దాకా దిగబెట్టి వస్తానని నడవడం మొదలుపెట్టాను. రెండు వందల అడుగులు వేశానో లేదో, ఊపిరాడలేదు, ఎండ నల్లబడింది. రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూలబడ్డాను. ముసలమ్మ కొంగుతో విసిరి, తన చెంబులోని నీళ్లు తాగించి, "ఏమప్పా, ఇప్పుడు నేను మూట మోయల్నా, నిన్ను మోయల్నా?" అంది. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరన్న బస్సును వెనక్కి నడిపించి మా ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. క్రాసులో దిగుతూ ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, "బిడ్డలుండారా నీకు? తక్కువ తినప్పా" అంది. నవ్వులన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట దిగమింగలేకపోయాను. నా చిన్నదానికి అప్పటికి రెండేళ్లు.

మరునాడు డాక్టరుకు చూపించుకుంటే, షుగరు గడప దాకా వచ్చిందన్నాడు. సాయంత్రం మా ఆవిడ నా తట్టలో ఒకే ముద్ద పెట్టింది.

"ఇంగోటి యాడ?" అన్నాను.

"రేపటికి ఉండాది" అంది.

తెల్లవారకముందే డ్రైవరన్న తలుపు తట్టాడు. ఆ రోజు నుంచి ఇద్దరం మూడు మైళ్లు డిపోకు నడిచే వెళ్లాం. వేసిన అడుగుల కంటే ఎక్కువ ఊసులు ఆయనకు, ఆయాసం తప్ప మాట లేదు నాకు. ప్లేటు వద్దంటే హోటలాయన అలిగి, తన నూనె మంచిది కాదంటున్నానని పదిమందికీ చెప్పుకున్నాడు. నెలయ్యాక రైల్వేస్టేషన్లో తూకం మిషనెక్కితే, నీకు మంచి కాలం వస్తుందని రాసిన అట్టముక్క వచ్చింది గానీ బరువు మాత్రం అంతే! ఆ విసుగులో బద్వేలులో అక్కగారింటికి పోయి ఏడు ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్నాను. ఇంటికొచ్చి, ఇక నా వల్ల కాదన్నాను. మా ఆవిడ తిట్టలేదు, పస్తూ పెట్టలేదు. మళ్లీ ఒక ముద్దే పెట్టింది. మరునాడు డ్రైవరన్న మళ్లీ తలుపు తట్టాడు.

ఏడాదిన్నర పట్టింది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు, రోజూ అదే ముద్ద, అదే రోడ్డు. ఒకనాడు నిండు బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి టికెట్లు కొట్టుకుంటూ పోయి, ఎక్కడా ఇరుక్కోలేదని చివరికి పోయాకే గమనించాను.

డ్రైవరన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు కాలనీ పార్కులో ఒక్కణ్నే తిరుగుతుంటాను. మా కాలంలో ఇంతమంది నడిచేవాళ్లు లేరు, నిజమే. చేతి గడియారాలు అడుగులు లెక్కపెడుతుంటే, చెవుల్లో పాటలు పెట్టుకుని అందరూ నన్ను గబగబా దాటిపోతుంటారు. నడక నేర్చారు గానీ, ఒకరి తలుపు ఒకరు తట్టడం మరిచిపోయారు.