డబ్బాలో వచ్చిన అమ్మవారు

మా వీధి గుడిలో విగ్రహం బీటలు వారింది. కొత్తది కొందామని ఈ రోజు కొడుకు నన్ను నంద్యాల తీసుకెళ్లాడు. అంగట్లో చైనా నుంచి డబ్బాలో వచ్చిన రాతి అమ్మవారిని చూపించారు. నునుపుగా ఉంది, ధరా తక్కువే.

"కండ్లు అప్పుడే తెరిపిచ్చినారేందప్పా? ప్రతిష్ఠ నాడు గుడిలో గదా శిల్పి తెరిచేది?" అన్నాను.

"మిషన్‌కు అదంతా యాడ తెలుస్తాదవ్వా? అన్నీ ఒకేసారి చెక్కేస్తాది" అన్నాడు అంగడతను.

"అయితే కొనేటోళ్లను ఆ మిషన్‌నే మొక్కుకోమను."

నేరుగా ఆళ్లగడ్డ శిల్పి దగ్గరికి వెళ్లాం.

"నేను రాయి కోసే బ్లేడూ చైనాదే అవ్వా. అయినా వాళ్ల ధరకు నాకు గిట్టదు. మీరు పెట్టుకున్న ముహూర్తం కంటే ఇంకో నెల ఎక్కువ పడ్తాది" అన్నాడతను.

ఉన్నమాట చెప్పాడు, ఒప్పుకున్నాను. ఆలస్యమవుతుందని కొడుకు అలిగాడు. మనవరాలితో ఇది రాయిస్తున్నాను. నాది తప్పయితే చెప్పండి, వింటాను. ముహూర్తం మాత్రం ఒక నెల వాయిదా వేయించేశాను.