నా బిడ్డ చేతికి ఎర్ర గుడ్డ

సహోదరులారా, సహోదరీలారా, గోడకు తల కొట్టుకునే చప్పుడు వినపడని రోజు ఒకప్పుడు మా ఇంట్లో లేదు. ఆ తల నా బిడ్డ కరుణది. సూర్యాపేటలో మాది టెంట్ హౌస్, మైకు సెట్టు దుకాణం. పెళ్ళిళ్ళకు, సువార్త కూటాలకు షామియానాలు వేసి మైకులు పెట్టడం నా పని. దేవుని మాట ఊరంతా వినపడాలని హారన్లు కట్టినవాణ్ణి, నా ఇంట్లో కేక మాత్రం పక్కింటికి వినపడకుండా కిటికీలు మూసుకొని బతికాను.

కరుణ చిన్నప్పుడు బాగానే ఉండేది. బడికి పోవడం మొదలైన తర్వాత, పిల్లలంతా ఒక్కసారి అరిస్తే చాలు, చెవులు మూసుకొని బల్ల కిందికి దూరేది, ఎవరైనా బయటికి లాగితే రక్తం వచ్చేదాకా కొరికేది. "మీ పిల్లతోటి మస్తు పరేషాన్ అయితున్నది, జర ఇంట్లనే ఉంచుకోండ్రి" అని బడివాళ్ళు పంపించేశారు. ఇంట్లో ఉంటే ఇంకా ఎక్కువైంది. కంచాలు విసిరేది, నా భార్య సుగుణ జుట్టు పట్టి గుంజేది, ఆ తర్వాత తానే గోడ దగ్గరికి పోయి తల బాదుకునేది. నేనేం చేశానో కూడా చెప్పాలి కదా! కొట్టాను. మైకు వైరుతో కొట్టాను, సహోదరులారా. కొట్టినకొద్దీ అది అరిచేది, అరిచినకొద్దీ నేను కొట్టేవాణ్ణి. వాడకట్టులో దయ్యం పట్టిందన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగానే ఉండింది, దయ్యమే అయితే నా చేతి తప్పు, నా గొంతు తప్పు ఏమీ లేనట్టే కదా.

ఒకనాడు సుగుణ చేతి మీద పంటిగాట్లు చూసి తట్టుకోలేక దుకాణం వెనక మోకరించి ఇట్లా ప్రార్థన చేశాను: "ప్రభువా, ఈ పిల్లను బాగుచెయ్యి, లేకుంటే నీ దగ్గరికి తీసుకపో. ఇగ నాతోని అయితలేదు." కన్నతండ్రి చేసిన ప్రార్థన అది! ఆ రెండో సగాన్ని దేవుడు వినకపోవడమే ఆయన మా ఇంటి మీద చూపిన మొదటి కనికరం.

ఇంకా సెల్ ఫోన్లు అందరి చేతుల్లోకి రాని రోజులవి. సర్కారు దవాఖానలో ఒక నర్సు సుగుణతో, మిర్యాలగూడలో ఎండాకాలం సెలవుల్లో ఇట్లాంటి పిల్లల కోసం ఒక శిబిరం నడుస్తుందని చెప్పింది. సెలవులకు ఖాళీ అయిన ఒక బడిలో దాన్ని నడిపేది విమలక్క అనే విశ్వాసురాలు. మనసు జబ్బుల దవాఖానలో ఏండ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి. హైదరాబాదు నుంచి ఒక డాక్టరు వచ్చి పిల్లలను చూసి మందులు రాసిపోయేవాడు. "పిచ్చిపిల్ల అని ముద్ర పడితే దాని బతుకు ఏమైతది?" అని నేను అడ్డం పడితే, సుగుణ సంచి సర్దుకుంటూ నా మొహం చూడకుండానే అన్నది: "ముద్ర సంగతి నువ్వు సూసుకో. వస్తె రా, లేకుంటె నేనే బస్సెక్కుత."

పోయాం. ఆ శిబిరం ఎట్లా ఉండేదో మీకు చెప్పాలి, ఎందుకంటే దాని గురించి మీలో చాలామంది నా నోటి నుంచి వేరే మాటలు విన్నారు. అక్కడ బడి గంట లోపలి నాలుకకు పాత బట్ట చుట్టారు, పిల్లలు ఉలిక్కిపడకుండా. పొద్దున లేచింది మొదలు ఏ పని తర్వాత ఏ పనో గోడ మీద బొమ్మలు గీసి పెట్టారు, ఇప్పుడేం జరుగుతుందో అని ఏ పిల్లా బెదరకుండా. పిల్లలు బెండ మొక్కలకు నీళ్ళు పోసేవారు, మట్టితో బొమ్మలు చేసేవారు. మాడుగులపల్లి దిక్కు నుంచి గొర్లు కాసే ఒక పెద్దమనిషి గొర్రెపిల్లలను తెచ్చి విడిచేవాడు, వాటికి ఆకు తినిపించేవారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి పిల్లకూ ఒక ఎర్ర గుడ్డ ముక్క ఇచ్చేవారు. లోపల ఏదో పొంగుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ గుడ్డను చేతికి కట్టుకోవాలి. కట్టుకున్న పిల్లను ఎవరూ పిలవకూడదు, ముట్టుకోకూడదు, ఏమైందని అడగకూడదు. పెద్దవాళ్ళు ఒకరు దూరం నుంచి కనిపెట్టుకొని ఉంటారు, అంతే. పిల్ల తనకు నచ్చిన మూలకు పోయి కూర్చొని, తగ్గిన తర్వాత తానే గుడ్డ విప్పుకొని వస్తుంది.

ఇది విని నేను నవ్వాను. "గుడ్డముక్కతోని దయ్యం పోతదా అక్కా?" అన్నాను.

"దయ్యం సంగతి నాకు తెల్వదన్నా," అన్నది విమలక్క. "మీరు జర గొంతు తగ్గిస్తె మాత్రం సగం పోతది. లోపల తుఫాను వస్తున్నదని చెప్పనీకి మీ పిల్లకు ఇన్నొద్దులు మాట లేకుండె. ఇప్పుడు ఈ గుడ్డే దాని మాట. అది కట్టుకున్నదంటె మీరు నోరు మూసుకోవాలె, గంతే."

పిల్లలు రాత్రింబగళ్ళు శిబిరంలోనే ఉండేవారు, ఆదివారం ఆరాధన అయిన తర్వాత తల్లిదండ్రులను రానిచ్చేవారు. ఒక ఆదివారం నేనూ సుగుణా పోయేసరికి కరుణ చేతికి ఎర్ర గుడ్డ ఉంది, వరండా చివర మెట్ల కింద కూర్చుంది. నేను దూరంగా నిలబడ్డాను. చాలాసేపటికి గుడ్డ విప్పి, మడిచి, గౌను జేబులో పెట్టుకొని, నడిచొచ్చి వాళ్ళమ్మ చేతి ముద్ద తిన్నది. కొరకలేదు, అరవలేదు. తిని, ఒక గొర్రెపిల్లను ఎత్తుకొని వచ్చి నాకు చూపించి నవ్వింది! దేవునికే మహిమ, సహోదరులారా, నా బిడ్డ పళ్ళు నవ్వడానికి కూడా పనికొస్తాయని ఆనాడు చూశాను.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. మనలో ఒక అలవాటు ఉంది, స్వస్థపడ్డ మనిషిని వేదిక మీద నిలబెట్టి, చేతికి మైకిచ్చి, జనంతో హల్లెలూయ అనిపిస్తాం. అదే వేసవిలో సూర్యాపేటలో పెద్ద కూటాలు వచ్చాయి, మైకు సెట్టు నాదే. నేను మా సంఘ కాపరి అయ్యగారి దగ్గరికి పోయి, ఉపవాస ప్రార్థనకూ నూనె ప్రార్థనకూ నా బిడ్డను దయ్యం వదిలిపోయిందని చెప్పాను. శిబిరం మాట చెప్పలేదు, మాత్రల మాట చెప్పలేదు. ఆయన నమ్మాడు, ఆయన తప్పేమీ లేదు. అదే సాక్ష్యాన్ని ముందుగానే రాసి, మీరు ఇప్పుడు చదువుతున్న ఈ పత్రికకు కూడా పంపించాను.

శిబిరం ముగియకముందే పిల్లను తీసుకపోతానంటే విమలక్క గేటు దగ్గర అడ్డం నిలబడి బతిమిలాడింది. "మందు ఇంకా కుదురుకోలేదన్నా. జనం నడిమికి అసలే వద్దు."

"దేవుని పనికి అడ్డం రాకక్కా," అన్నాను. ఎంత పెద్ద మాట! ఎంత సులువుగా అన్నాను! సాక్ష్యం చెప్పే ఇంట్లో మాత్రలుంటే విశ్వాసం లేదంటారని సుగుణ దగ్గర మాత్రలు గుంజుకొని మోరీలో పారబోశాను. డాక్టరును అడగలేదు, దేవుణ్ణీ అడగలేదు.

కూటాల నాడు మైదానం నిండిపోయింది. నా పేరు పిలవగానే కరుణ చెయ్యి పట్టుకొని వేదిక ఎక్కాను. సాక్ష్యం చెబుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు, నా గొంతు నాకే హారన్లలో గట్టిగా తిరిగొస్తున్నది, ఎంత బాగుందో అది వినడానికి! అప్పుడు పక్కకు చూశాను. కరుణ జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి, ఒక కొస పళ్ళతో పట్టుకొని, ఒంటిచేత్తో మణికట్టుకు కట్టుకుంటున్నది. నా కళ్ళలోకి చూస్తూ కట్టుకుంటున్నది. అంత మైదానంలో ఆ గుడ్డకు అర్థం తెలిసినవాళ్ళం ముగ్గురమే, అది, కింద కూర్చున్న సుగుణ, నేను. తెలిసి తెలిసి ఆ చేతిలోనే మైకు పెట్టాను. "చెప్పమ్మా, యేసయ్య ఏం చేసిండో చెప్పు" అన్నాను.

మైకు కూత పెట్టింది, దానితోపాటు నా బిడ్డ కేక హారన్లన్నిటిలో నుంచి ఊరి మీద పడ్డది. నలుగురు మగవాళ్ళు వచ్చి పట్టుకున్నారు, ఎవరో నూనె పోశారు, ఎవరో పో, పో అని గద్దించారు, మైకు స్టాండు అంచుకు దాని నొసలు పగిలింది. ఇంకా నేను వైర్లు చుట్టుకుంటుండగానే సుగుణ పిల్లను ఎత్తుకొని కోదాడకు, తల్లిగారింటికి వెళ్ళిపోయింది. పిల్ల సంపూర్ణంగా బాగుపడిందని నా సాక్ష్యం ఈ పత్రికలో అచ్చయి ఇంటికి వచ్చేనాటికి ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

అప్పుడైనా మారానా? లేదు. అడిగినవాళ్ళందరికీ "మిర్యాలగూడ శిబిరంల నా పిల్లను ఖరాబు చేసిన్రు, మందులు పెట్టి పాడుచేసిన్రు" అని చెప్పుకుంటూ తిరిగాను. మైకు మనిషి మాట కదా, తొందరగా పాకింది. తల్లులు పిల్లలను తీసుకపోయారు, మరుసటి వేసవికి బడివాళ్ళు జాగా ఇవ్వం అన్నారు, శిబిరం మూతపడ్డది. అందులో ఉండాల్సిన ఒక పిల్లవాణ్ణి ఆ ఎండాకాలమంతా ఇంట్లోవాళ్ళు మంచానికి కట్టేశారని తర్వాత తెలిసింది. ఆ తాడు కట్టింది వాళ్ళే అయినా పేనింది నేను.

ఆ రెండో వేసవి చివర ఒక పెళ్ళికి మైకు పెడదామని, కూటాల నాటి నుంచి ముట్టకుండా మూల పడేసిన వైరు చుట్ట విప్పుతుంటే లోపల నుంచి ఎర్ర గుడ్డ జారింది. వేదిక మీద పెనుగులాటలో ఊడిపడి వైరులో చుట్టుకుపోయింది. ముడి ఇంకా అట్లాగే ఉంది. ఏ వైరుతో బిడ్డను కొట్టానో ఆ వైరులోనే! ఆ షామియానా గుట్టల నడుమ కూలబడి, మొదటిసారి నా బిడ్డ కోసం కాకుండా నా కోసం ప్రార్థన చేశాను: "యేసయ్యా, పిల్లకు ఏం పట్టిందో నాకు తెల్వదు. నాకు మాత్రం గొంతు పట్టింది, చెయ్యి పట్టింది, మంది చప్పట్ల పిచ్చి పట్టింది. నన్ను ఇడిపించు తండ్రీ."

మరునాడు కోదాడ పోయాను. గుమ్మంలోనే మా అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం అల్లుడూ, ఒట్టి చేతులతో వచ్చావే, మైకు తేలేదా?" అన్నది. చెప్పులు విడిచి లోపలికి పోయాను. కరుణ లోపల గోడ వైపు తిరిగి కూర్చొని ఉంది, నొసటి మీద మచ్చ. నేను గుడ్డ తీసి నేల మీద పెట్టి వెనక్కి జరిగాను. చాలాసేపు చూసి, తీసుకొని, చేతికి కట్టుకున్నది. నేను బయటికి వచ్చి గడప పక్కన కూర్చున్నాను. పిలవలేదు, క్షమించమ్మా అని కూడా అనలేదు. మధ్యాహ్నం ఎండ నా మీదికి వచ్చి, జరిగి, పోయింది. సాయంత్రం నా పక్కన గాజుల చప్పుడు. గుడ్డ విప్పి మడిచి పట్టుకొని నిలబడి ఉంది. "నాయినా, అన్నం తిన్నవా?" అన్నది. అంతే అన్నది! సహోదరులారా, విడుదల అంటే ఏమిటో ఆ గడప దగ్గర నాకు తెలిసింది. విడుదలైంది అది కాదు, నేను.

తర్వాత మిర్యాలగూడ పోయి విమలక్క కాళ్ళ మీద పడబోతే ఆమె పడనివ్వలేదు. "నా దగ్గర ఏడిస్తె ఏమొస్తదన్నా? నీ మాట విని పిల్లలను తీసుకపోయిన తల్లులకు పోయి చెప్పు" అన్నది. ఇల్లిల్లూ తిరిగాను. కొందరు విన్నారు, కొందరు తలుపేసుకున్నారు. మంచానికి కట్టేసిన ఆ పిల్లవాడి తల్లి తలుపు ఇప్పటికీ తియ్యలేదు. నేనూ ఆమెను తప్పు పట్టను. సుగుణ పిల్లను తీసుకొని ఇంటికి వచ్చింది. శిబిరం మళ్ళీ మొదలైంది. ఏటా ఎండాకాలం షామియానాలు నావే పోతాయి, మైకు పోదు.

కరుణ ఇప్పుడు పెద్దదైంది. మందులు వేసుకుంటున్నది, వేసుకుంటూనే ఉంటుంది. ఒక్కోరోజు పొద్దటి నుంచి మాపటిదాకా గుడ్డ విప్పదు, ఆ రోజు మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా చెయ్యం. వేసవిలో శిబిరానికి పోయి చిన్న పిల్లలకు గుడ్డ కట్టుకోవడం నేర్పుతుంది. బాగైపోయిందని నేను మీకు చెప్పను, ఆ మాట నా నోటితో మళ్ళీ అనను.

ఈ సాక్ష్యం రాస్తానని దాన్ని అడిగాను. "రాయి నాయినా. నన్నైతె స్టేజీ మీదికి పిలువకు" అన్నది.

పిలవను తల్లీ. కాబట్టి ఇది చదివే తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లోనూ మూసిన కిటికీలు ఉంటే తెరవండి, బిడ్డను డాక్టరుకు చూపించండి, ఇచ్చిన మాత్రలు మానకండి, మోకాళ్ళ మీద ప్రార్థన మానకండి. వరండా మెట్ల కింద నా బిడ్డ ఒంటరిగా కూర్చున్నప్పుడు పిలవకుండా, గద్దించకుండా దగ్గర్లోనే కనిపెట్టుకొని ఉన్న దేవుడు మీ బిడ్డ దగ్గరా ఉన్నాడు. ఆయనను నమ్మండి. మహిమ ఆయనకే. చప్పట్లు మాత్రం వద్దు, సహోదరులారా, నా బిడ్డ పక్క గదిలోనే ఉంది.