ముల్లు తాత వాంగ్మూలం

ఆ బట్టల మిల్లులో ముప్పై నాలుగేళ్లు బాయిలర్ నడిపినాయన్ని అందరూ ముల్లు తాత అనేవారు. ప్రెషరు గేజీ ముల్లు మీంచి కన్ను తిప్పడని ఆ పేరు. చదివింది పల్లెబడిలో ఐదో తరగతి. అయితేనేం, మూడు బాయిలర్లు ఆయన చేతుల్లోనే ముసలివయ్యాయి. ఇద్దరు ఇంజనీర్లు మంట పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఒక్క మనిషికీ ఒళ్లు కాలనివ్వలేదు.

అలాంటివాడి షిఫ్టులో, ఒక ఉదయం, ఆవిరి ఎక్కువై గొట్టం పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ విచారణ వచ్చింది. తప్పు తాతదని తేలితే లైసెన్సు పోతుంది.

ఆఫీసు గుమాస్తా ఇంగ్లీషులో వాంగ్మూలం టైపు చేశాడు. తోడొచ్చిన మనవరాలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. చదివి విప్పి చెప్పింది.

"తాతా, ఇక్కడ 'సీ' మాట వాడారు. అంటే ముల్లు నీ కంటపడిందని."

"కంటపడ్డమేంటే! దారిన పోయేవాడికీ పడుతుంది. మరి లుక్ అంటే?"

"కావాలని అటు చూడ్డం. ఒక్కసారి చూసినా లుక్కే."

"కళ్లల్లో వత్తులేసుకుని, ఇప్పుడేమవుతుందోనని కనిపెట్టుకుని కూర్చుంటే?"

"అది వాచ్."

"అదే కొట్టు నాయనా."

గుమాస్తా నవ్వాడు. "ఏదైనా చూపేగా పెద్దాయనా!"

"మీ ఆవిడ పొయ్యి మీద పాలు చూస్తుండమంటే ఓ చూపు పడేసి వచ్చెయ్. ఏది ఏ చూపో ఆవిడే చెబుతుంది."

గుమాస్తా మళ్లీ కొట్టాడు. ఆరింటి నుంచి గొట్టం పగిలేదాకా గేజీని వాచ్ చేశానని ఉంది. సంతకానికి వంగిన తాత చెయ్యి ఆగిపోయింది.

"ఏడుంపావుకి పంపు వాల్వు కారుతుంటే బిగించడానికి లేచాను. పది నిమిషాలు. అక్కణ్ణుంచి రెండుసార్లు తల తిప్పి చూశానంతే. ఆ పది నిమిషాలకీ లుక్ అని పెట్టు."

మనవరాలు చెయ్యి పట్టుకుంది. "గొట్టం పగిలింది అప్పుడే కదా తాతా! నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ. కాయని కాపలా కాశానని రాయించుకోను. ఎందుకు లేచానో కూడా రాయండి. వాల్వు పాడైందని రిజిస్టర్లో మూడుసార్లు ఎక్కించాను. తేదీలు చెబుతా."

గుమాస్తా మూడో కాగితం ఎక్కించాడు.

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. వాల్వు మార్చనందుకు మిల్లుకు చీవాట్లు, కుర్చీ వదిలినందుకు తాతకు ఒక హెచ్చరిక. లైసెన్సు నిలిచింది. ఆయన ఉద్యోగంలో అదే మొదటి హెచ్చరిక. ఆ కాగితాన్ని తానే బాయిలర్ గది గోడకు అంటించి, తిన్నగా మేనేజరు గదికి నడిచాడు.

"నేను లేచినప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడానికి రెండో మనిషి కావాలి. ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను" అన్నాడు.