గీత దగ్గర ఒక అడుగు

తెల్లవారుతుంటే మా బుక్కరాయసముద్రం చెరువుకట్ట మీద ఇద్దరు పరుగెత్తుతారు. పొగమంచులో దూరం నుంచి చూస్తే నాలుగు కాళ్ల మనిషి ఒకరే వస్తున్నట్టుంటుంది. చూపులేని కదిరమ్మ, ఆమెకు కళ్లయిన నూర్జాన్. ఇద్దరి చేతుల మధ్య జానెడు తాడు, ధర్మవరం పట్టు పోగులతో పేనింది.

నూర్జాన్ టైలరు. పక్కింటి కదిరమ్మను చిన్నప్పుడు చెయ్యిపట్టి బడికి తీసుకొచ్చేది ఆమే. ఆ బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి నేను, రోజూ చూసేవాణ్ణి. కొత్త చోటైతే నూర్జాన్ ముందు తానొక అడుగు వేసి, ముల్లో రాయో ఉందేమో కాలితో తడిమి, ఆ తర్వాతే కదిరమ్మను రానిచ్చేది.

పోయినేడు చూపులేనివాళ్ల రాష్ట్ర పరుగుపోటీకి కదిరమ్మకు పిలుపొచ్చింది. గెలిస్తే జాతీయ పోటీ. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు. ఉత్తరం నేనే చదివాను. చార్జీలూ, పది రోజుల శిక్షణా క్రీడాకారిణికే. తోడు పరుగెత్తేవాళ్ల ఊసే లేదు.

"కొన్ని దేశాల్లో సర్కారు లాటరీలో వచ్చిన దుడ్లతో తోడుమనిషికీ ఇంత ఇచ్చి, నేర్పిస్తారంట!" అన్నాను ఒళ్లు మండి.

"ఆ దేశాలు యాడుండాయో గానీ సార్, నా మిషను ఈడుండాది" అని నవ్వింది నూర్జాన్. కదిరమ్మ శిక్షణకు పోయిన ఆ పది రోజులూ తాను ఊళ్లో బట్టలు కుట్టి, పోటీ ముందురోజు సొంత ఖర్చుతో బస్సెక్కింది.

నేనూ వెళ్లాను. ఎర్రటి ట్రాకు మీద ఇద్దరూ గాలిలో తేలుతున్నట్టు వచ్చారు. నా కంటికి మా చెరువుకట్టే కనిపించింది. అందరికన్నా ముందున్నారు. చివర తెల్లగీత. శిక్షణ వేరే మైదానంలో జరిగింది, కదిరమ్మకు ఇది కొత్త చోటు. నూర్జాన్ ఎప్పటిలాగే ముందు తానొక అడుగు వేసింది.

తోడుమనిషి ముందు గీత దాటితే ఆ పరుగు చెల్లదట. కాగితాల్లో లేని మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? ఇంత చదివిన నేనైనా తెలుసుకోవద్దా? సిగ్గుతో చచ్చిపోయాను.

నూర్జాన్ గీత పక్కనే కూలబడింది. "నా చేతులారా చెడగొడితినే మే!"

కదిరమ్మ ఆమె తల తడిమింది. "ముండ్లుండాయేమోనని చూసినావా అక్కా?"

"ఊ."

"ఉండినాయా?"

"లేవు మే. మెత్తగుండాది."

ఈ ఏడూ ఉత్తరం కదిరమ్మ ఒక్క పేరుతోనే వచ్చింది. ఇప్పుడు రోజూ కట్ట చివర నేనే సున్నంతో గీత గీస్తున్నాను. అక్కడికి రాగానే నూర్జాన్ పళ్లు బిగబట్టి ఒక అడుగు వెనక్కి తగ్గుతుంది. ఎవరూ తడిమి చూడని నేల మీద కదిరమ్మ ముందుగా కాలు పెడుతుంది.