విచారణకు వచ్చిన గొడుగాయన

సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిది వరకు మా అవ్వ ఎవరితోనూ మాట్లాడదు. ఆ వేళకు తెలుగు చానెల్లో డిటెక్టివ్ సీరియల్ వస్తుంది. టైలర్ అంగడి మీది గదిలో ఒక మేనమామ, ఆయన మేనకోడలు ఆఫీసు పెట్టుకుని ఉంటారు. పోలీసులు పట్టించుకోని చిన్న కేసులన్నీ వాళ్ళ దగ్గరికి వస్తాయి. గుడియాత్తంలో మా వీధిలో అందరూ తెలుగు మాట్లాడతారు కానీ చదవగలిగేవాళ్ళు తక్కువ. అవ్వకూ రాదు. సీరియల్లో ఎవరైనా చీటీ చూపిస్తే నేను చదివి చెప్పాలి. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అందుకే.

వేలూరులో లిఫ్టులు బాగుచేసే పని నాది. డిప్లొమా చదివాను. లిఫ్టు ఆగిపోతే మేము ఊహించం, వరసగా చూస్తాం. కరెంటు వస్తోందా, తలుపు పూర్తిగా మూసుకుందా, బ్రేకు వదులుతోందా. ఒకటి బాగుందని తేలాకే రెండోదానికి వెళ్తాం. ఈ పద్ధతి మనుషులకు సరిపోదని పోయిన ఏడాది వరకు నాకు తెలియదు.

పోయిన ఏడాది పరదరామి పక్క పల్లెలో అమ్మాయిని చూడటానికి వెళ్ళాం. నాన్న లేడు కాబట్టి అమ్మ, అవ్వ, నేను. బస్సు ఆలస్యమై, మేము చేరేసరికి ఏడున్నర కావస్తోంది. అమ్మాయి తాత టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. సీరియల్లో అప్పుడు ఒక ఇంట్లో బంగారు గాజులు పోయిన కేసు నడుస్తోంది. కొడుకు ఆపబోతే, "నువ్వు పెళ్ళి మాట్లాడుకో నాయనా, నేను గాజులెత్తిందెవరో చూస్తా" అన్నాడు. అవ్వ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. రెండు ఇళ్ళలోనూ మాట ఎలా నడపాలో తెలిసిన పెద్దవాళ్ళు ఆ ఇద్దరే. ఇద్దరూ అరగంట సేపు టీవీనే చూశారు. మధ్యలో బొమ్మ ఆగిపోయింది. నేను వెనక వైరు సరిచేశాను. తాత నా నెంబరు తీసుకుని ఫోన్లో 'లిఫ్టు పిల్లోడు' అని పెట్టించుకున్నాడు.

అమ్మాయి కాఫీ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. చిత్తూరులో ల్యాబులో పనిచేస్తుందట. ఏం మాట్లాడాలో తోచక, "ఆ డ్రైవరే ఎత్తినట్టుంది" అన్నాను.

"డ్రైవరు కాదు" అంది మెల్లగా.

"ఎట్ల చెప్తావు?"

"ఇంకా చానా వారాలు ఉండాది కదా. ఇప్పుడే దొరికిపోతే మిగతా దినాలు ఏం చూపిస్తారు?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే అనిపించింది. అమ్మతో చెప్పాను కూడా. వాళ్ళింట్లో మాత్రం, ఆఖరి బస్సు దొరకదేమోనన్న తొందరలో మేము "పోయొస్తాం" అని, వాళ్ళు "మంచిది" అని, అంతటితో లేచి వచ్చేశాం.

మా పక్క పద్ధతి ఏమిటంటే, చూపులయ్యాక ఆడపిల్ల వాళ్ళు ఒక మనిషిని మా వీధికి పంపుతారు. ఆ మనిషి చెప్పి రాడు. టీ అంగట్లో కూర్చుని పిల్లోడు ఎట్లాంటివాడు, తాగుతాడా, అమ్మ గయ్యాళిదా అని అడిగి పోతాడు. అది అయ్యాకే వాళ్ళు మాట పంపుతారు. అందాకా మగపిల్లోడి ఇంట్లో నోరు మూసుకుని ఉండాలి.

రెండో ఆదివారం మా వీధిలోకి ఒకాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. వాన లేదు, పెద్దగా ఎండా లేదు, చంకలో నల్ల గొడుగు. ఒక్కొక్క ఇంటి ముందు ఆగి మేడ వంక చూస్తున్నాడు. మా ఇంటి ముందు ఎక్కువసేపు ఆగాడు. చెప్పులకు ఎర్రమట్టి. పరదరామి దారంతా ఎర్రమట్టే. ఇంక నాకు అనుమానం లేదు. ఆయన వెళ్ళాక టీ అంగడాయన దగ్గరికి పోయాను.

"ఏమడిగినాడన్నా?"

"ఈ వీధిలో తాగి గలాటా చేసేవాళ్ళు ఉండారా అని అడిగినాడప్పా. నీ పేరు చెప్పినా."

"నా పేరెందుకు చెప్పినావు?"

"వాడు తాగడు అని చెప్పాలంటే పేరు చెప్పాల్నే కదా. ఇంకా చానా చెప్పినా. లిఫ్టు పైన నిలబడి పనిచేస్తాడు, తాగితే పడిపోడా అన్నా."

ఆయన మళ్ళీ వచ్చేసరికి వీధి సిద్ధంగా ఉంది. పక్కింటావిడ తనే పిలిచి నీళ్ళిచ్చి, మా అమ్మ ఎంత నెమ్మదస్తురాలో చెప్పింది. అమ్మ పాయసం చేసి పంపింది. అవ్వ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మా కొళాయికి దినమూ నీళ్ళు వస్తాయని, ఇంటి మీద గొడవలేమీ లేవని చెప్పింది. ఆయన అన్నీ శ్రద్ధగా విన్నాడు. "సరి సరి, చానా మంచి వీధమ్మా" అని పాయసం రెండోసారి పెట్టించుకుని వెళ్ళాడు.

ఆ వారమంతా మాట రాలేదు. తరువాతి వారమూ రాలేదు.

ఏమైందో నాకు అర్థం కాలేదు. పని నేర్పిన పద్ధతిలోనే ఒక్కొక్కటి తీసి చూశాను. ఉద్యోగం బాగుంది. వీధి బాగా చెప్పింది. పాయసం ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు. అమ్మాయి నాతో బాగానే మాట్లాడింది. అన్ని చోట్లా కరెంటు వస్తోంది, లిఫ్టు మాత్రం కదలడం లేదు. నేను ఏడున్నరకు ఇంటికి చేరిన రోజుల్లో అవ్వ పక్కన కూర్చుని ఆ మేనకోడలు ఏం చేస్తుందా అని చూసేవాణ్ణి. ఆమె ఎవరినీ నమ్మదు. నేనూ ఎవరినీ నమ్మడం మానేశాను. టీ అంగడాయన ఎక్కువ చెప్పాడేమో. పక్కింటావిడ తన తమ్ముడి గురించి చెప్పిందేమో, వాడికీ సంబంధాలు చూస్తున్నారు.

"ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాను అమ్మతో.

"మనం అడిగితే తక్కువైపోమా? వాళ్ళే చెప్తారు ఉండు."

ఇంతలో గొడుగాయన ఒక చిన్న లారీలో మంచం, బీరువా, గ్యాసుపొయ్యి ఎక్కించుకుని మా వీధికి వచ్చేశాడు. చివరింటి మేడ పోర్షను అద్దెకు తీసుకున్నాడట. ఆర్కాడులో అంగడి కొడుక్కు అప్పజెప్పి, మోర్ధానా దారిలో కాపురముంటున్న కూతురికి దగ్గరగా ఉందామని వచ్చాడు. ఎర్రమట్టి ఆ దారిది. "ఊరంతా తిరిగినా అప్పా. ఇంత ప్రేమగా పిలిచే వీధి యాడా లేదు" అన్నాడు నాతో. నేను సామాను దించడంలో సాయం చేశాను.

అయితే విచారణకు ఎవరొచ్చినట్టు? అసలు వచ్చారా?

ఒక గురువారం సీరియల్ అయిపోయిన వెంటనే నా ఫోన్ మోగింది.

"లిఫ్టు పిల్లోడేనా? ఇక్కడ కరెంటు పోయింది నాయనా. గాజులెత్తింది ఎవరు?" అమ్మాయి తాత.

"వంటామె తమ్ముడు తాతా."

"నేననుకున్నా. సరే, పెట్టేస్తా. ఒక మాట. పిల్ల నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదప్పా. ఇట్ల ఊరికే ఉండిపోతిరే. రేపు మధ్యాహ్నం వేరేవాళ్ళు చూడ్డానికి వస్తాండారు."

"నచ్చలేదని ఎవరు చెప్పినారు తాతా?"

"ఎవరూ చెప్పలా. మా పక్క మగపిల్లోడి ఇంటోళ్ళు మూడో దినానికి పూలు, పండ్లు తెస్తారు. తేకపోతే వద్దని."

"మీరు విచారించి మాట పంపుతారని మేము కాచుకోనుండాము."

"విచారించకుండా మిమ్మల్ని గడప తొక్కనిస్తామా? మీరు రాకముందే అయిపాయె."

"ఎవరొచ్చినారు?"

"అది చెప్తే ఇంకొకసారి పంపేదెట్ల? రెండో మనవరాలు ఉండాది."

అవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏమయ్యా, ఆ దినం టీవీ ఆపి ఈ మాట చెప్పుంటే పోయేది కదా."

"నువ్వు ఆపమంటివా?" అన్నాడు తాత. అవ్వ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "రేపు పొద్దున్నే వస్తాండాము, వాళ్ళను రావద్దని చెప్పు" అని పెట్టేసింది.

పూలపళ్ళెం పట్టుకోవడానికి ఇంట్లో పెద్ద మగమనిషి కావాలి. అంత పొద్దున చుట్టాలెవరూ దొరకరు. తెల్లారకముందే అవ్వ చివరింటికి వెళ్ళి గొడుగాయన్ను లేపింది. ఆయన ఎందుకని కూడా అడగలేదు. తెల్ల పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని మొదటి బస్సుకు వచ్చేశాడు. దారి పొడుగునా మల్లెపూల మీద ఎండ పడకుండా గొడుగు వాలుగా పెట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ళింట్లో తాత పళ్ళెం అందుకోబోతూ ఆగాడు. గొడుగాయన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"ఈయన మీకేం కావాల?"

అమ్మ అవ్వను చూసింది. అవ్వ నన్ను చూసింది. నేను తాత, మామ, చిన్నాన్న అని వరసగా ఆలోచించాను, ఆయన దేనికీ సరిపోలేదు.

"మా పిల్లోడు చానా మంచోడయ్యా" అన్నాడు గొడుగాయన. "వీధంతా విచారించినా."

తలుపు వెనక అమ్మాయి నవ్వడం వినిపించింది. తాత పళ్ళెం తీసుకున్నాడు.